ఢిల్లీకి ముందు తార్నాక

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైనప్పుడు, అక్కడ మెడిసిన్ చదువుతున్న తెలుగు పిల్లల ఇళ్ళల్లో ఎవరికీ నిద్ర లేదు. అమెరికా వీసా నిబంధన ఒకటి మారితే దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో ఆ రాత్రంతా అదే చర్చ. గల్ఫ్‌లో ఉద్రిక్తత పెరిగితే జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో ఫోన్లు మోగుతూనే ఉంటాయి. ప్రపంచ రాజకీయం ఇంత దగ్గరికి వచ్చాక, దాన్నే చదువుకుంటామనే పిల్లలు మన ఇళ్ళల్లో కనిపించడం సహజం. వాళ్ళకు ఏ కాలేజీ మంచిదో చెప్పగలిగే పెద్దలే తక్కువ. ఇంజనీరింగ్ కాలేజీల ర్యాంకులు నోటికి వచ్చే మనకు ఈ చదువు గురించి తెలిసింది స్వల్పం.

ఈ సంవాదంలో మాట్లాడేది ఇద్దరు. అక్క అంబర్‌పేట్‌లో ఉంటుంది, బ్యాంకు ఉద్యోగి. ఆమె కూతురు బీఏ చివరి ఏడాదిలో ఉంది, అంతర్జాతీయ సంబంధాలు, భద్రత అంశాల్లో ఎంఏ చేస్తానంటోంది. తమ్ముడు ఆ పిల్లకు మేనమామ, రాజనీతి శాస్త్రం బోధిస్తాడు. నా మొగ్గు తమ్ముడి వైపు. అక్క అడిగినవి మాత్రం తేలిగ్గా తోసేసే ప్రశ్నలు కావు. వాటిలో ఒకటి రెండింటికి తమ్ముడి దగ్గర పూర్తి జవాబు లేదు, ఆ సంగతి అతను దాచనూ లేదు.

అక్క: నా లెక్క ముందు విను, తర్వాత నీ పాఠం చెబుదువు. పిల్లకు కావాల్సిన చదువు పేరు అంతర్జాతీయ సంబంధాలు. సరిగ్గా ఆ పేరుతో డిగ్రీ ఇచ్చే ప్రైవేటు విశ్వవిద్యాలయాలు ఢిల్లీ చుట్టుపక్కల ఉన్నాయి. ఫీజు ఏడాదికి లక్షల్లో ఉంటుంది, కాదనను. కానీ రాయబార కార్యాలయాలన్నీ అక్కడే ఉన్నాయి. 1943 నుంచి ఉన్న ప్రపంచ వ్యవహారాల మండలి సప్రూ హౌస్‌లో ఉంది. రక్షణ అధ్యయనాల కోసం 1965లో పెట్టిన సంస్థ కూడా అక్కడే ఉంది. ఒక సదస్సుకు వెళితే పక్క కుర్చీలో మాజీ రాయబారి కూర్చుని ఉంటాడు. ఇంకో మెట్టు ఎక్కాలంటే లండన్ ఉంది, కింగ్స్ కాలేజీలో యుద్ధ అధ్యయనాలకు ఏకంగా ఒక శాఖే ఉంది. ఇక్కడ సీపీగెట్ ప్రవేశ పరీక్ష రాసి ఉస్మానియాలో ఎంఏ పొలిటికల్ సైన్స్ చేస్తే ఏం మిగులుతుంది? సర్టిఫికెట్ మీద పేరు చూసి జాబితాలు వడపోసే కాలం ఇది. మిగిలిన పిల్లలు ఎంఎస్ కోసం అప్పులు చేస్తున్నప్పుడు నా కూతురి కోసం నేను ఎందుకు చేయకూడదు? మా బ్యాంకులోనే లోన్ ఇస్తారు.

తమ్ముడు: అప్పు సంగతి చివర్లో చూద్దాం అక్కా. ఈ చదువు అయ్యాక పిల్ల ఏ ఆఫీసులో కూర్చుని ఏ పని చేస్తుందో ముందు చూడాలి. ఎంఎస్‌తో పోల్చావు కాబట్టి అక్కడి నుంచే వస్తాను. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్ళకు చదువు తర్వాత 36 నెలల పని అనుమతి దొరుకుతుంది. అంతర్జాతీయ సంబంధాల డిగ్రీలకు మామూలుగా దొరికేది 12 నెలలే. పైగా భద్రత పేరున్న ఉద్యోగాల్లో ముఖ్యమైనవన్నీ ప్రభుత్వానివి. అమెరికాలో వాటికి పౌరసత్వం కావాలి, బ్రిటన్ నిఘా సంస్థల్లోనూ అంతే. అంటే మన పిల్ల అక్కడ ఎంత బాగా చదివినా ఆ చదువుకు సహజమైన ఉద్యోగం అక్కడ ఆమెకు మూసేసిన తలుపు. ఇంజనీరుకు ఈ ఇబ్బంది లేదు. ఎంఎస్ అప్పు తీరే దారి ఒకటుంది, ఈ అప్పుకు ఆ దారి లేదు. ఇది ముందు మనసులో పెట్టుకో.

ఇక మన దేశం సంగతి. విదేశాంగ సేవలో చేరాలంటే యూపీఎస్సీ అడిగేది ఒక డిగ్రీ. అది ఏ సబ్జెక్టైనా ఫర్వాలేదు. ఇంజనీర్లు, డాక్టర్లు ఏటా ఎంపికవుతూనే ఉన్నారు. ఎంపికయ్యాక ప్రభుత్వం వాళ్ళ చేత తప్పనిసరిగా చేయించే పని చూడు. ప్రతి ఒక్కరికీ ఒక విదేశీ భాష కేటాయిస్తారు. అరబిక్ కావచ్చు, చైనీస్ కావచ్చు, రష్యన్ కావచ్చు. ఆ భాష ఉన్న దేశానికి పంపుతారు. అందులో పరీక్ష గట్టెక్కాకే ఉద్యోగం ఖాయం చేస్తారు. రక్షణ శాఖ 1948లోనే, స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే, ఢిల్లీలో విదేశీ భాషల పాఠశాల పెట్టింది. ఈ రంగంలో ఉద్యోగం ఇచ్చేవాళ్ళు దేనికి విలువ కడుతున్నారో ఇంతకంటే స్పష్టంగా చెప్పేది ఏముంటుంది? డిగ్రీ పేరు వాళ్ళు పట్టించుకోలేదు, భాషను పట్టించుకున్నారు. కాలేజీని ఎంచుకునేటప్పుడు మనం అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా అదే అంటాను. అక్కడ పిల్లకు ఏ భాష వస్తుంది, ఏ ప్రాంతం లోతుగా తెలుస్తుంది, మూలపత్రాలు చదివించే గురువు ఉన్నాడా? ఈ మూడూ ఉంటే డిగ్రీ పేరు ఏదైనా నష్టం లేదు. ఈ మూడూ లేకపోతే పేరులో అంతర్జాతీయం అని ఉన్నా దండగే.

అక్క: విదేశాంగ సేవకు ఏటా తీసుకునేది కొన్ని పదుల మందిని. ఆ పదుల మందిలో మన పిల్ల ఉంటుందనుకుని చదువు ఎంచుకుంటామా? సరే, భాష ముఖ్యమే అనుకుందాం. భాష వస్తే దుబాసీ అవుతుంది. రెండు దేశాలు ఎందుకు కొట్టుకుంటున్నాయో, రేపు ఏం జరగొచ్చో చెప్పేవాళ్ళు దుబాసీలు కారు కదా. దానికి సిద్ధాంతం కావాలి, బలాబలాల లెక్క తెలియాలి, అణ్వాయుధాలు, ఒప్పందాలు, ఆంక్షలు తెలియాలి. ఆ సబ్జెక్టు చెప్పే చోటుకే కదా వెళ్ళాలి?

తమ్ముడు: మంచి ప్రశ్న అడిగావు. ఈ వాదంలో అసలు ముడి ఇక్కడే ఉంది. సిద్ధాంతం అక్కర్లేదని నేను అనడం లేదు. సిద్ధాంతం పుస్తకంలో దొరుకుతుంది, ఒకటి రెండు సెమిస్టర్లలో మంచి మాస్టారు దాన్ని నేర్పగలడు. భాషకు, ప్రాంతానికి మాత్రం ఏళ్ళు పడతాయి, దగ్గరి దారి లేదు. ఈ చదువుకు పేరున్న గొప్ప చోట్లు ఎలా గొప్పవయ్యాయో చూడు. జేఎన్‌యూలోని అంతర్జాతీయ అధ్యయనాల స్కూలు 1955లో సప్రూ హౌస్‌లో విడి సంస్థగా మొదలై, 1970లో జేఎన్‌యూలో కలిసింది. దాని నిర్మాణం ఇప్పటికీ ప్రాంతాల వారీగానే ఉంది. పశ్చిమాసియాకు ఒక కేంద్రం, రష్యా, మధ్య ఆసియాకు ఒకటి, తూర్పు ఆసియాకు ఒకటి, ఆఫ్రికాకు ఒకటి. అదే ప్రాంగణంలో భాషల స్కూలు ఉంది. అమెరికాలో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం 1919లో విదేశాంగ సేవ కోసం స్కూలు పెట్టింది. అక్కడ డిగ్రీ విద్యార్థి ఒక విదేశీ భాషలో ప్రావీణ్యం చూపనిదే పట్టా ఇవ్వరు. చైనా గురించి ఇంగ్లీషులో వచ్చిన నివేదికలు మాత్రమే చదివి చైనా గురించి రాసేవాళ్ళు మన దేశంలో కావాల్సినంత మంది ఉన్నారు. వాళ్ళు రాసేది వాషింగ్టన్‌లో ఎవరో ముందే రాసి ఉంటారు. బీజింగ్ పత్రికను నేరుగా చదవగలిగిన మనిషి చెప్పే మాటకు విలువ వేరు. అటువంటివాళ్ళు మనకు చాలా తక్కువ.

ఇంకో మాట. మన తెలుగు విశ్వవిద్యాలయాలకు ఈ సంగతి ఒకప్పుడు బాగా తెలుసు. యూజీసీ ప్రాంతాధ్యయన పథకం కింద తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఆగ్నేయాసియా, పసిఫిక్ దేశాల అధ్యయన కేంద్రం పెట్టుకుంది. ఉస్మానియా హిందూ మహాసముద్ర అధ్యయన కేంద్రం పెట్టుకుంది. ఒక చోట తూర్పు తీరం నుంచి మలయా దాకా ఉన్న పాత వలసల దారి, ఇంకో చోట సముద్రం మీద నడిచే వ్యాపారం, యుద్ధనౌకలు. ఈ నేలకు ఏ ప్రాంతంతో సంబంధం ఉందో చూసుకుని పెట్టిన కేంద్రాలు అవి. ప్రపంచాన్ని చదవాలంటే ఢిల్లీలోనే ఉండాలని ఆనాటి ఆచార్యులు అనుకోలేదు.

అక్క: పాత వైభవం వినడానికి బాగుంటుంది. ఈ రోజు నా కూతురు ఆరో నంబరు స్టాపులో బస్సెక్కి యూనివర్సిటీకి వెళితే ఆమెకు ఏం దొరుకుతుంది? అది చెప్పు.

తమ్ముడు: చెబుతాను. ఆర్ట్స్ కాలేజీ మెట్ల నుంచి లెక్కపెట్టు. ఉస్మానియాలో రాజనీతి శాస్త్రం ఉంది, దానితో పాటే అరబిక్, పర్షియన్, ఇస్లామిక్ అధ్యయనాల శాఖలు ఉన్నాయి. పశ్చిమాసియా మీద పని చేయదలిచినవాళ్ళకు ఈ నాలుగూ ఒకే ప్రాంగణంలో ఉండటం చిన్న విషయం కాదు. 1964లో ఇక్కడే అమెరికన్ అధ్యయనాల పరిశోధన కేంద్రం మొదలైంది. ఇప్పుడది ఉస్మానియా అంతర్జాతీయ కార్యక్రమాల కేంద్రం. అమెరికా చరిత్ర, రాజకీయాల మీద అక్కడి గ్రంథాలయం కోసం దేశం నలుమూలల నుంచి పరిశోధకులు వచ్చి ఉండేవాళ్ళు. ఆనుకునే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం, అంటే ఇఫ్లూ ఉంది. 1958లో ఇంగ్లీషు టీచర్లకు శిక్షణ ఇచ్చే సంస్థగా పుట్టి, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. అరబిక్, చైనీస్, జపనీస్, కొరియన్, రష్యన్, ఫ్రెంచ్, స్పానిష్, జర్మన్ అన్నీ అక్కడ నేర్పుతారు. ఐక్యరాజ్యసమితి అధికార భాషలు ఆరు. ఆరూ ఉస్మానియా పక్కనే ఉన్న ఈ తార్నాకలో దొరుకుతాయి. ఇఫ్లూకు బయటివాళ్ళ కోసం పార్ట్‌టైం కోర్సులు నడిపిన చరిత్ర ఉంది. ఈ ఏడాది ఏ భాషలకు తెరిచారో వెళ్ళి అడగాలి. అదీ కాక 2022 నుంచి యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చేయనిస్తోంది, తరగతుల వేళలు ఢీకొనకపోతే చాలు.

అక్కడికి దగ్గర్లోనే ఇంకొకటి ఉంది, చాలామందికి తెలియదు. తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్. షాజహాన్, ఔరంగజేబు కాలంలో దక్కన్ పరిపాలనకు సంబంధించిన పర్షియన్ కాగితాలు ఆ భవనంలో ఉన్నాయి. వాటిలో అర్జ్-ఓ-చెహ్రా అనే రకం ఒకటి. సైన్యంలో ఉన్న మనిషి పేరు, తండ్రి పేరు, ముఖం రంగు, నుదుటి మీద, బుగ్గ మీద ఉన్న మచ్చలు, అతని గుర్రం రంగు, దానికి వేసిన వాత గుర్తు, అన్నీ రాసి పెట్టిన పత్రం. జీతం తీసుకుంటున్న మనిషీ సైన్యంలో నిలబడిన మనిషీ ఒకరేనా, గుర్రాన్ని మార్చేశాడా అని తనిఖీ చేయడానికి పెట్టుకున్న ఏర్పాటు అది. రాజ్యం తన మనుషులను ఎలా గుర్తుపడుతుంది, ఎలా లెక్క పెడుతుంది అన్నది ఈ రోజు భద్రత అధ్యయనంలో పెద్ద అంశం. మూడున్నర శతాబ్దాల నాటి సాక్ష్యం బస్సు దిగి నడిచేంత దూరంలో ఉంది. పర్షియన్ వచ్చిన విద్యార్థికి అది దొరికిన నిధి. రానివాళ్ళకు పాత కాగితం. వీటిని మైక్రోఫిల్ములుగా, డిజిటల్ ప్రతులుగా భద్రపరచడానికి ఇరాన్‌కు చెందిన నూర్ సంస్థ ఇక్కడికి వచ్చి ఒప్పందం చేసుకుంది. వాళ్ళకు వాటి విలువ తెలుసు.

అక్క: అవి చరిత్ర కాగితాలు తమ్ముడూ. పిల్ల అడుగుతున్నది నేటి ప్రపంచం గురించి.

తమ్ముడు: నేటి ప్రపంచం దగ్గరికే వస్తాను. 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు పంపింది. సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది. 16న పారిస్‌లో మండలి ఆ ఫిర్యాదును చర్చకు తీసుకుంది. 17న ఇక్కడ లొంగుబాటు అయిపోయింది. ఆ రోజుల్లోనే నిజాం ఖాతాలోని పది లక్షల పౌన్లకు పైగా సొమ్ము లండన్ బ్యాంకులో పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతూలా పేరు మీదికి మారింది. ఆ సొమ్ము ఎవరిదన్న వ్యాజ్యంలో 1957లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఇచ్చిన తీర్పు, ఒక సార్వభౌమ రాజ్యాన్ని పరాయి దేశపు కోర్టుకు ఈడ్వవచ్చా అన్న ప్రశ్న మీద అంతర్జాతీయ న్యాయం చదివే ప్రతి చోటా పాఠమైంది. సొమ్ము మాత్రం బ్యాంకులోనే ఉండిపోయి, వడ్డీతో దాదాపు మూడున్నర కోట్ల పౌన్లయింది. 2019 అక్టోబరులో లండన్ హైకోర్టు భారతదేశానికీ నిజాం వారసులకూ అనుకూలంగా తీర్పు చెప్పింది. 71 ఏళ్ళు నడిచిన ఈ కథలో సార్వభౌమత్వం ఉంది, సైనిక చర్య ఉంది, భద్రతా మండలి ఉంది, విదేశీ కోర్టు ఉంది. ఉర్దూ, పర్షియన్, ఇంగ్లీషు తెలిసి, ఈ నగరంలోని దస్తావేజులు తిరగేసిన పిల్ల దీని మీద రాసే వ్యాసానికి లండన్‌లోనూ గౌరవం ఉంటుంది. ఢిల్లీలో కూర్చుని అమెరికా, చైనా పోటీ మీద వెయ్యిన్నొకటో వ్యాసం రాస్తే ఆమెను ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

గల్ఫ్ సంగతి ఇంకా పెద్దది. పదో తరగతి పాస్ కాని మనిషి పాస్‌పోర్టులో ఎమిగ్రేషన్ చెక్ అవసరం అన్న ముద్ర ఉంటుంది, ఈసీఆర్ అంటారు. 1983 నాటి వలసల చట్టం కింద, గల్ఫ్ రాజ్యాలు సహా 18 దేశాలకు పనికి వెళ్ళేటప్పుడు ఆ మనిషి ప్రభుత్వం దగ్గర ముందుగా అనుమతి తీసుకోవాలి. నిజామాబాద్, కరీంనగర్ పల్లెల నుంచి వెళ్ళే కూలీ జీవితంలో విదేశాంగ విధానం అంటే ఆ ముద్రే. దాన్ని తప్పించుకోవడానికి విజిటింగ్ వీసా మీద పంపే ఏజెంట్లు, అక్కడ పాస్‌పోర్టు లాక్కునే యజమాని, మృతదేహం తిరిగి రావడానికి పట్టే వారాలు. అరబిక్ చదవగలిగి, కువైట్ కార్మిక చట్టాన్ని మూలంలో చూసి, జగిత్యాలలో ఆ కుటుంబాలతో తెలుగులో మాట్లాడగలిగే పరిశోధకులు ఎంతమంది ఉన్నారక్కా? ఈ పనికి ప్రపంచంలో మన పిల్లకంటే తగిన మనిషి ఉండదు. ఏ విదేశీ విశ్వవిద్యాలయమూ ఇవ్వలేని అర్హత ఆమెకు పుట్టుకతో వచ్చింది. అదే తెలుగు.

అక్క: నువ్వు చెప్పేవన్నీ ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. ఒక చోట భాష, ఒక చోట పుస్తకం, ఒక చోట దస్తావేజు. వీటిని కలిపి ఒక చదువుగా ఎవరు చేస్తారు? ఇరవై ఒక్క ఏళ్ళ పిల్ల తనే చేసుకోవాలా? నువ్వు పొగిడే ఉస్మానియాలో మంజూరైన అధ్యాపక పోస్టుల్లో సగానికి మించి ఏళ్ళ తరబడి ఖాళీగా ఉన్నాయి. పేపర్లో మేమూ చదువుతాం. అంతర్జాతీయ రాజకీయాలు చెప్పాల్సిన మాస్టారు రిటైరైతే ఆ క్లాసు ఎవరు చెబుతారు? నెలకింత అని తీసుకునే కాంట్రాక్టు అధ్యాపకుడు. నేను ఫీజు కట్టే ప్రైవేటు చోట కనీసం క్లాసు జరుగుతుంది. అలీ యావర్ జంగ్ లాంటివాళ్ళ పేర్లు కూడా చెప్పకు. ఉస్మానియా ఉపకులపతిగా చేసి కైరో, పారిస్, వాషింగ్టన్‌లకు రాయబారిగా వెళ్ళాడంటారు. ఆయన నవాబుల ఇంటి బిడ్డ. మన పిల్లకు ఆ తలుపులు ఎవరూ తీసిపెట్టరు.

తమ్ముడు: ఖాళీల విషయంలో నీ మాటకు ఎదురు చెప్పలేను. అది నిజం, సిగ్గుపడాల్సిన నిజం. 1918లో పుట్టిన విశ్వవిద్యాలయాన్ని, జి. రాంరెడ్డి లాంటి రాజనీతి శాస్త్రవేత్త ఉపకులపతిగా పనిచేసిన చోటును, ఇలా వదిలేయడం మన ప్రభుత్వాలు ఒకదాని తర్వాత ఒకటి చేసిన పాపం. కాంట్రాక్టు అధ్యాపకులను తక్కువ చేయకు. వాళ్ళలో పీహెచ్‌డీ చేసి పిల్లల కోసం ప్రాణం పెట్టేవాళ్ళున్నారు. తక్కువైంది వాళ్ళ జీతం, భద్రత. అయినా నీ భయం సరైందే. అందుకే చేరే ముందు శాఖకు వెళ్ళి అడగాలి. అంతర్జాతీయ రాజకీయాల పేపరు ఈ ఏడాది ఎవరు చెబుతున్నారు? వాళ్ళు ఏం రాశారు? డిజర్టేషన్ రాయిస్తారా? జవాబు తృప్తికరంగా లేకపోతే గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఉంది, సీయూఈటీ రాయించు. మద్రాసు, పుణె విశ్వవిద్యాలయాల్లో రక్షణ అధ్యయనాలకు పాతుకుపోయిన శాఖలున్నాయి. తార్నాకకు గుడి కట్టమని నేను అడగడం లేదు. కొలిచే కొలత మార్చమంటున్నాను. నువ్వు అనుకుంటున్న ప్రైవేటు చోటును కూడా ఇదే ప్రశ్న అడుగు. బ్రోచర్‌లో ఫొటో ఉన్న మాజీ రాయబారి సెమిస్టర్‌కు ఎన్ని క్లాసులు చెబుతారు? భాష ఎన్ని సెమిస్టర్లు, దానికి క్రెడిట్లు ఉన్నాయా, ఊరికే పెట్టారా? అక్కడ నాలుగు సెమిస్టర్లు చైనీస్ నేర్పి, చైనా మీద పనిచేసిన గురువు రోజూ క్లాసుకు వస్తున్నాడని తేలితే, నేనే వచ్చి లోన్ కాగితాల మీద సాక్షి సంతకం పెడతాను.

అలీ యావర్ జంగ్ గురించి నువ్వన్నది ఒప్పుకుంటాను. పి.వి. పేరు చెబితే ఆయన రాజకీయ నాయకుడు అంటావు. సరే. కానీ వంగరలో పెరిగి, సైన్సూ న్యాయశాస్త్రమూ చదివిన ఆ మనిషి రెండు సార్లు విదేశాంగ మంత్రి అయ్యేనాటికి చేతిలో ఉన్న పెట్టుబడి అనేక భాషలే, స్పానిష్ దాకా. ఆయన ప్రధానిగా ఉన్నప్పుడే 1992 జనవరిలో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు మొదలయ్యాయి, తూర్పు దేశాల వైపు చూపు తిరిగింది. అంతర్జాతీయ సంబంధాల పట్టా ఆయనకు లేదు.

ముక్కలను ఎవరు కలుపుతారన్నావు. దీనికి నా దగ్గర సగం జవాబే ఉంది. పిల్ల కొంత కలుపుకోవాలి, నేను కొంత సాయపడతాను. అందరు పిల్లలకూ మేనమామ లెక్చరర్ అయి ఉండడు. అందుకే ఇది విశ్వవిద్యాలయాలు చేయాల్సిన పని అంటాను.

అక్క: మరి భద్రత మాటేమిటి? నువ్వు భాషలు, వలసలు అంటున్నావు. పిల్ల క్షిపణులు, సైబర్ దాడులు, ఉగ్రవాదం అంటోంది.

తమ్ముడు: క్షిపణుల గురించి చదవడానికి హైదరాబాద్ వదిలి వెళ్ళేవాళ్ళను చూస్తే నాకు ఆశ్చర్యమేస్తుంది. క్షిపణులను రూపొందించే ప్రయోగశాల డీఆర్‌డీఎల్ కంచన్‌బాగ్‌లో ఉంది. 1983లో మొదలైన క్షిపణి కార్యక్రమం నడిచింది ఇక్కడి నుంచే. జాతీయ పోలీసు అకాడమీ శివరాంపల్లిలో, త్రివిధ దళాల అధికారులు చదివే రక్షణ నిర్వహణ కళాశాల సికింద్రాబాద్‌లో ఉన్నాయి. ఆ అధికారులకు పట్టా ఇచ్చేది ఉస్మానియానే. వీటిలోకి మన పిల్ల నేరుగా వెళ్ళి కూర్చోలేదు, అది నిజం. కానీ ఈ రంగంలో పనిచేసి రిటైరైనవాళ్ళు సైనిక్‌పురిలో, తార్నాకలో మన పక్క వీధుల్లో ఉంటారు. పిలిస్తే వచ్చి విద్యార్థులతో మాట్లాడతారు. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం భద్రత, రక్షణ చట్టాల్లో దూరవిద్య ఎంఏ నడుపుతోంది. ఉస్మానియాలో రెగ్యులర్ ఎంఏ చేస్తూ దాన్ని చేయవచ్చు, రెండు డిగ్రీల నిబంధన దానికీ వర్తిస్తుంది. సర్టిఫికెట్ మీద భద్రత అన్న మాట కావాలన్నావు కదా, అది ఇలా వస్తుంది, ఇల్లు తాకట్టు పెట్టకుండా.

అక్క: ఢిల్లీ పరిచయాలు? వాటికి ప్రత్యామ్నాయం చెప్పలేదు నువ్వు.

తమ్ముడు: లేదు కాబట్టి చెప్పలేదు. పరిచయాల విషయంలో ఢిల్లీకి సాటి వచ్చే ఊరు మన దేశంలో లేదు. అందుకే పిల్ల ఢిల్లీ వెళ్ళాలి. ఎప్పుడు, ఏం పట్టుకుని వెళ్ళాలన్నదే నా వాదం. జేఎన్‌యూలో సీటొస్తే ఈ ఏడాదే పంపు. అక్కడ ట్యూషన్ ఫీజు ఏడాదికి ఇప్పటికీ వందల్లోనే, భాషల స్కూలు పక్కనే. సీటు రాకపోతే రెండేళ్ళు ఇక్కడ ఎంఏ, దానితో పాటు ఒక భాష, వేసవిలో ఢిల్లీలో ఇంటర్న్‌షిప్. ఒక దేశపు భాష తెలిసిన అమ్మాయిని అక్కడి పరిశోధన సంస్థలు తమంతట తామే పిలుస్తాయి. ఏ భాషా లేనివాళ్ళు ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నా సదస్సుల్లో వెనక వరుసలో కూర్చుంటారు. విదేశం సంగతి కూడా అంతే. లండన్‌లో ఇటువంటి ఎంఏకి ఫీజు ఒక్కటే పాతిక లక్షలు దాటుతుంది. బ్రిటన్ ఇచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్ వస్తే ఆ ఖర్చంతా వాళ్ళదే, కానీ రెండేళ్ళ పని అనుభవం అడుగుతారు. ఫుల్‌బ్రైట్-నెహ్రూకు మూడేళ్ళు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు మన రాష్ట్రమే విదేశీ విద్యకు 20 లక్షల రూపాయల వరకు ఇస్తోంది. ఇరవై ఒక్క ఏళ్ళకు అప్పు మీద వెళ్ళే పిల్లకూ, ఇరవై అయిదేళ్ళకు స్కాలర్‌షిప్ మీద వెళ్ళే పిల్లకూ అక్కడ దక్కే మర్యాదలో తేడా ఉంటుంది. రెండో పిల్ల తనకు ఏం కావాలో తెలుసుకుని వెళుతుంది.

అక్క: సరే, నీ కొలత ఒప్పుకుంటాను, తార్నాకను ఇంకా ఒప్పుకోను. రేపు నేనూ పిల్లా ఇద్దరం వెళ్ళి ఆ శాఖలో నువ్వు చెప్పిన ప్రశ్నలన్నీ అడుగుతాం. జవాబులు బాగుంటే చేరుస్తాను, లేకపోతే జేఎన్‌యూ, హైదరాబాద్ విశ్వవిద్యాలయం. అప్పు మాట మూడో స్థానానికి వెళ్ళింది, అంతవరకు నువ్వు గెలిచావు. కానీ ఏ భాష అన్నది నువ్వు చెప్పకు, నేనూ చెప్పను. అరబిక్కా, చైనీసా, రష్యనా అన్నది పిల్ల తేల్చుకోవాలి. ఏళ్ళ తరబడి దానితో బతకాల్సింది ఆమె.

అక్క మాట అక్కడితో ఆగింది. ఆమె అడిగిన ప్రశ్నల్లో ముక్కలను కలిపేది ఎవరన్నది ఇంకా మిగిలే ఉంది. దానికి జవాబు చెప్పాల్సింది తల్లిదండ్రులు కాదు. విద్యార్థి ఒక సంస్థలో చదువుతూ ఇంకో సంస్థలో సంపాదించిన క్రెడిట్లను జమ చేసుకోవడానికి యూజీసీ 2021లోనే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు తెచ్చింది. ఉస్మానియా రాజనీతి శాస్త్ర విద్యార్థి ఇఫ్లూలో చదివిన చైనీస్, రాష్ట్ర ఆర్కైవ్స్‌లో చేసిన పని, ఆమె ఎంఏలో క్రెడిట్లుగా లెక్కకు రావాలి. ఇందుకు కొత్త భవనం అక్కర్లేదు, కొత్త చట్టం అక్కర్లేదు. ఖాళీ పోస్టులు నింపాలి, మూడు సంస్థల పెద్దలు ఒక బల్ల దగ్గర కూర్చుని ఒక ఒప్పందం మీద సంతకాలు పెట్టాలి. వచ్చే విద్యా సంవత్సరం ప్రవేశాలు మొదలయ్యేలోగా ఆ పని చేయమని ఉస్మానియా, ఇఫ్లూ ఉపకులపతులను కోరుతున్నాను.